దవాఖాన చొక్కా

మొగిలి కాక దవాఖానకు పోయే రోజు పిల్లను చూడబోయేవాడిలా తయారయ్యేవాడు. తలంటుకుని, నూనె రాసి దువ్వి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడిగేవాడు. పదహారేళ్లుగా బొగ్గు బాయిలో టబ్బులు నింపే ఫిల్లరు ఆయన.

"డాక్టరు ముంగట నల్లగ, ఎగపోసుకుంట నిలవడితే ఇజ్జతేముంటదిరా?" అనేవాడు.

ఇది ఎనభై తొమ్మిది నాటి మాట. గోదావరిఖనిలో మా రెండిళ్లకూ ఒకటే గోడ. ఆయన ఛాతీలో పిల్లికూతలు నా మంచం దాకా వినిపించేవి. మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెడ నరాలు పొంగేలా గాలి గుంజేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే: బాయి దిగకుండా పైన ఏదో ఒక పని. దానికి దమ్ము జబ్బు ఉందని కంపెనీ డాక్టరు కాగితం రాయాలి. కాలేజీ మానేసి ఊరికే తిరుగుతున్నాను కాబట్టి, సైకిల్ మీద నేనే తీసుకుపోయేవాణ్ని.

డాక్టరు మూడుసార్లు విన్నాడు. మూడుసార్లూ ఛాతీలో చప్పుడే లేదు.

"మందేమన్నా వేసుకొచ్చావా?"

"లేదు సార్."

కాక భార్య మల్లక్క వాకిట్లోనే అందుకునేది. "నీ రోగం గూడ నీ లెక్కనే. ఇంట్ల పులి, బయట పిల్లి."

మూడోసారి తిరిగొచ్చాక ఆ తెల్లచొక్కా జేబులోంచి ఖాళీ గోలీల రేకు పడింది. ఆర్ఎంపీ ఇచ్చిన దమ్ము గోలీలు. పోయే ముందు ప్రతిసారీ ఒకటి మింగేవాడట.

"బుద్ధున్నదా కాకా? రోగాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి పోతే డాక్టరు దేన్ని సూడాలె?"

"మింగకుంటే లైన్ల నిలవడస్తలేదు కొడుకా. ఆర్ఎంపీ కాడికి పోయిన్నని చెప్తే తిడుతడు గదా."

నేనే పోయి డాక్టరుకు చెప్పాను. ఆయన మంచివాడే.

"గోలీకి తగ్గిందంటే అది ఉబ్బసమే. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి, మందుకు వదులవుతాయి. నాకు అర్థమైంది. కానీ పైవాళ్లు ఒప్పుకోవాలంటే కూతలు నేను విన్నానని రాయాలి. దమ్ము లేచినప్పుడే తీసుకురా."

నాలుగు రోజులకు, కాక సెకండ్ షిఫ్టుకు పోబోతుంటే దమ్ము లేచింది. గోలీ నా జేబులో వేసుకుని, ఆయన్ను సైకిలెక్కించాను. రైలు గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ఒకటి వెనక ఒకటి, తోక కనిపించదు. కాక పెదాలు నీలంగా మారాయి. మాట రాక, నా జేబు వైపు చేయి చాచాడు.

"పావుగంట ఓర్సుకో కాకా, కాయితమొస్తది."

ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కాక చాచిన చేయి దించలేదు. గోలీ ఇచ్చేశాను. పక్కనున్న చాయ్ బండి నుంచి నీళ్లు తెచ్చాను. ఆ రైలు పోయింది, ఎదురుగా ఖాళీ వ్యాగన్లు వచ్చాయి. గేటు లేచేసరికి అరగంట. దవాఖాన చేరేసరికి కాక మెల్లగా మాట్లాడుతున్నాడు.

డాక్టరు ముందూ వెనకా విన్నాడు. పెన్ను తీయలేదు.

"ఇచ్చి మంచిపని చేశావు," అన్నాడు నాతో. సొరుగులోంచి మందు పీల్చే పంపు ఒకటి తీసి కాక చేతిలో పెట్టాడు. "రోజూ రెండుపూటలా పీల్చు. బాగున్నా మానకు."

కాక దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"పీలిస్తే దమ్ము లేవదా సార్?"

"చాలావరకు లేవదు. కానీ ఆ దుమ్ములో ఉన్నన్ని రోజులు పూర్తిగా పోదు."

"పిల్లికూతలు?"

"అవీ తగ్గుతాయి."

"మరి కూతల్లేకుంటె మీరేమింటరు, ఏం రాస్తరు?"

డాక్టరు మెడలోని గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు.

కాక గుండీలు పెట్టుకున్నాడు. ఆరోజు ఆయన ఒంటి మీద ఉన్నది తెల్లచొక్కా కాదు, డ్యూటీ చొక్కా.

"నడువురా," అన్నాడు. "షిఫ్టుకు యాళ్లయితాంది."