చాయ్ ఒలకని టేబుల్

ఆ రోజుల్లో నాకు మోకాళ్ళు ఉన్నాయన్న సంగతే తెలిసేది కాదు. ఇప్పుడు కుర్చీ పక్కకి జరపాలన్నా ముందు నడుముని అడిగి, తర్వాత మోకాళ్ళని బతిమాలి, ఆఖరికి "రేపు చూద్దాంలే" అనుకుంటున్నాను. అప్పుడలా కాదు. ఎవరైనా "నీ వల్ల కాదులేవే" అన్నారంటే చాలు, అన్నం సయించేది కాదు. అమ్మ నన్ను మొండిఘటం అనేది. (తను మాత్రం తక్కువా? బాపట్ల నుంచి సికింద్రాబాదు వస్తూ రైల్లో రుబ్బురోలు తెచ్చుకున్న మనిషి! "ఈ ఊళ్ళో మిక్సీలుంటాయి" అని నాన్నగారు ఎంత మొత్తుకున్నా వినలేదట.)

మేం చిలకలగూడలో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారు ఆఫీసులో గుమాస్తా, చర్చి సంఘంలో పెద్ద, సండే స్కూలుకి సూపరింటెండెంటు. నవ్వొస్తే దగ్గేవారు. నేను డిగ్రీ అయ్యాక ఒక ఫర్నిచర్ షోరూములో బిల్లింగ్ కౌంటర్లో చేరాను. అట్టపెట్టెలో ముక్కలుముక్కలుగా వచ్చే టేబుళ్ళూ బీరువాలూ అప్పుడే కొత్తగా వస్తున్నాయి. ఇంటికి పట్టుకెళ్ళి, బొమ్మల కాగితం చూస్తూ, ఒక వంకర తాళంచెవిలాంటి దాంతో స్క్రూలు బిగించుకోవడమే. సాయంత్రం షోరూము నుంచి వస్తూ రెజిమెంటల్ బజార్లో సౌండన్న కొట్టు దగ్గర ఆగేదాన్ని. సౌండన్న అంటే మా అన్నయ్య స్నేహితుడు, పెళ్ళిళ్ళకి సౌండు బాక్సులు, లైట్లు అద్దెకిచ్చేవాడు. ఒక పాట తోకకి ఇంకో పాట తలని తెలియకుండా అతికించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అదొక పిచ్చి అయి కూర్చుంది నాకు.

ఇంతలో అన్నయ్య పెళ్ళి కుదిరింది. "పొద్దున చర్చిలో పెళ్ళి పాస్టరుగారిది, సాయంత్రం రిసెప్షన్లో పాటలు నీవి" అని అన్నయ్య నాకు మాటిచ్చేశాడు. నాన్నగారు వినగానే కళ్ళజోడు తీసేశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఇంట్లో ఫ్యాను కూడా నెమ్మదిగా తిరిగేది. "పెళ్ళికొడుకు చెల్లెలు పట్టుచీర కట్టుకుని కుదురుగా కూర్చోవాలా, డబ్బాల వెనకాల నిలబడి పాటలు వెయ్యాలా? సంఘంలో నేను తలెత్తుకోవద్దూ? అయినా పక్కింట్లో వెలగబెట్టింది చూశాంగా!" అన్నారు. అదీ నిజమే. పక్కింటి పిల్లాడి పుట్టినరోజుకి ప్లాస్టిక్ టేబుల్ మీద సీడీల మిషన్ పెట్టి పాటలు వేశాను. పిల్లలు గెంతేసరికి టేబుల్ ఊగిపోయి, సీడీ ఎగిరెగిరిపడి, అదే ముక్క దగ్గర అరిగేదాకా తిరిగింది. ఆ మిషన్ సౌండన్నదే. ఆయన కూడా తేల్చి చెప్పేశాడు: "చూడు చెల్లె, గసొంటి టేబుల్ మీద మల్ల నా మిషన్ పెట్టనియ్య. కింద వడితె నాకు పరేషాన్ గాదా? గట్టి టేబుల్ జేసుకో. నేనే వచ్చి చూస్త. నిండుగ చాయ్ పోసి టేబుల్ మీద పెడ్త. పక్కన మనుషులు ఎగరాలె. సాసర్ల ఒక్క సుక్క వడ్డదా, నా మనిషే వచ్చి పాటలేస్తడు."

నాన్నగారికి ఈ షరతు తెగ నచ్చింది. "సరే, చుక్క ఒలక్కపోతే పాటలు నువ్వే వెయ్యి. ఒలికిందో, ఇంకెప్పుడూ డీజే ఊసెత్తకూడదు" అన్నారు, గెలిచేసినట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది. తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాను.

షోరూములో గోదాము వెనకాల జతలేని ముక్కలు పడుండేవి. తలుపు విరిగిన చెప్పుల స్టాండు పక్కచెక్కలు, డిస్‌ప్లేలో గీతలుపడ్డ కంప్యూటర్ టేబుల్, ఒంటరి బీరువా తలుపు. మేనేజర్ని అడిగితే "తీసుకుపోమ్మా, పుణ్యముంటుంది" అన్నాడు. ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చి ముందు వసారాలో దింపించాను. నాన్నగారు చూసి "ఇదేవిటే, ఎవరి కొంప కూల్చావ్?" అన్నారు.

బొమ్మల కాగితాలు మూడు రకాలవి, టేబుల్ మాత్రం ఒక్కటి. ఒకదాని స్క్రూ ఇంకోదాని కన్నంలో పట్టదు. సెలవురోజంతా కూర్చుని తంటాలుపడి నడుమెత్తు టేబుల్ నిలబెట్టాను. చూడ్డానికి రాజాలా ఉంది. అన్నయ్య వచ్చి "శభాష్" అని దాని మీద మోచెయ్యి ఆనించాడు. అంతే, టేబుల్ పక్కకి వాలి, గడ్డి తిన్న గేదెలా మెల్లగా పడుకుంది. నాన్నగారు పేపరు వెనకాల దగ్గారు. (అది నవ్వే.)

ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. మర్నాడు షోరూములో బీరువాలన్నీ ఊపి ఊపి చూశాను. వెనక రేకులాంటి చెక్క ఉన్నవి ఊగట్లేదు, లేనివి ఊగుతున్నాయి. ఓసి నీ అసాధ్యం కూలా, అసలు కిటుకు ఇదా అనుకుని, ఆ బీరువా తలుపుని టేబుల్ వెనకాల అడ్డంగా పెట్టి, బంక పూసి, కసిదీరా స్క్రూలు దిగ్గొట్టాను. పక్కకి ఊగడం పోయింది. కానీ గట్టిగా తోస్తే మొత్తం జరుగుతోంది. బరువు చాలట్లేదు. ఇల్లంతా వెతికి, వంటింటి మూల రుబ్బురోలు దగ్గర నా చూపు ఆగింది. "దాని జోలికెళ్ళావంటే చూడు!" అంది అమ్మ. "పెళ్ళయ్యేదాకానే అమ్మా, నీ కొడుకు పెళ్ళేగా" అన్నాను. అమ్మ కాసేపు గొణిగి, తనే ఒక పక్క పట్టింది. రోలు కింది అరలోకెక్కి కూర్చుంది. ఇక కాళ్ళ కింద మెత్తగా ఏదైనా పెడితే నేల అదురు పైకి రాదని తోచింది. గుమ్మం దగ్గర పాత హవాయి చెప్పులు కనబడ్డాయి. ఎవరివో ఆలోచించే ఓపిక అప్పుడు నాకు లేదు. కోసి, నాలుగు కాళ్ళ కిందా అతికించాను. ఆ వారమంతా నాన్నగారు "నా చెప్పులేవి?" అంటూ వట్టికాళ్ళతో తిరిగారు.

ఆదివారం మధ్యాహ్నం సౌండన్న వచ్చాడు, చేతిలో చిన్న బాక్సు. వెనకే హోటల్ నుంచి ఇరానీ చాయ్. గ్లాసు అంచుదాకా పోయించి, సాసర్లో పెట్టి, టేబుల్ నడిమధ్య ఉంచాడు. పాట పెట్టి "ఎగురన్నా" అన్నాడు అన్నయ్యతో. అన్నయ్య అగ్గిపుల్లలాంటివాడు. తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టు రెండు గంతులేశాడు. "గిట్ల ఎగిరితె చీమ సుత లేవదు. జెర బరువున్నోళ్ళు గావాలె" అన్నాడు సౌండన్న. అందరం అనుకోకుండానే నాన్నగారి వైపు చూశాం.

ఆయన పేపరు మడతపెట్టారు. కళ్ళజోడు తీసి దాని మీద పెట్టారు. లుంగీ ఎగ్గట్టి, "జరగండి, దీని సంగతి నేను తేలుస్తా" అని లేచారు. డీజే గొడవ ఇవ్వాళతో వదిలించుకోవాలని ఆయన పట్టుదల. నాకా పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. మొదట బొద్దింకని తొక్కినట్టు తొక్కారు. నేల మీది షాబాదు బండలు దడదడలాడాయి. చాయ్ కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కారు. తర్వాత ఏమైందో, దరువు కాళ్ళకి దొరికేసింది. చేతులు వాటంతటవే పైకి లేచాయి. భుజాలు ఊగాయి. అమ్మ గరిటెతో బయటికొచ్చి "ఏవండీ!" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. "పరీక్ష చేస్తున్నా!" అని అరిచి, ఆయన ఇంకో గుండ్రం తిరిగారు. గోడ అవతల పక్కింటివాళ్ళ తలలు లేచాయి. సౌండన్న చాయ్ సంగతి మరిచిపోయి ఈలేశాడు. పాట అయిపోయింది. నాన్నగారి గంతులు అయిపోలేదు, ఇంకో నాలుగడుగులు వేసి ఆగారు.

సాసరు పొడిగా ఉంది. చాయ్ మీద చక్కగా తొరక కట్టింది. "పాస్!" అన్నాడు సౌండన్న.

నాన్నగారు రొప్పుతూ వంగి టేబుల్ కిందికి చూశారు. రోలు చూశారు. ఆ కింద నీలం రబ్బరు చూశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఇది నా చెప్పు కదూ?" అన్నారు. "అరిగిపోయినవే నాన్నగారూ..." అన్నాను. "అంటే, నా చెప్పుల మీద టేబుల్ నిలబెట్టి, నన్నే ఓడించావన్నమాట!" అన్నారు. దగ్గబోయారు, కుదర్లేదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వేశారు. మేం అది చూడ్డం అదే మొదటిసారి. తొరక పక్కకి తోసి ఆ చల్లారిన చాయ్ గటగటా తాగేసి, "వెయ్యి. కొంచెం సౌండు తగ్గించి వెయ్యి" అని లోపలికెళ్ళిపోయారు.

రిసెప్షన్లో పట్టుచీర కట్టుకునే పాటలు వేశాను. కాసేపటికి నాన్నగారు వచ్చి, నిండా చాయ్ ఉన్న గ్లాసొకటి టేబుల్ మూల పెట్టి పక్కన నిలబడ్డారు. "ఎందుకు నాన్నగారూ?" అంటే "చూస్తున్నా" అన్నారు. భోజనానికి పిలిచినా కదల్లేదు. సంఘం పెద్దలొకరు వచ్చి "ఇక్కడున్నారేమిటండీ?" అంటే, "టేబుల్ ఎలా ఉందో చూస్తున్నానండీ. మా అమ్మాయే చేసింది" అన్నారు. ఆ రాత్రి నేనేం పాటలు వేశానో ఒక్కటీ గుర్తులేదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇప్పుడా టేబుల్ కాప్రాలో మేముంటున్న ఇంటి వంటింట్లో ఉంది, మీద మిక్సీ, కింది అరలో అమ్మ రోలు. అప్పుడప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు గ్లాసు నిండా చాయ్ పోసి దాని మీద పెట్టి, ఫోన్లో ఓ పాట పెట్టి, నాలుగడుగులు వేస్తాను. చాయ్ ఒలకదు, మోకాళ్ళే ముందు ఓడిపోతాయి. పక్కన నిలబడి "చూస్తున్నా" అనే మనిషి లేరు కదా, ఆ మాట నేనే పైకి అనుకుని, నాన్నగారిలా కాస్త దగ్గి, తొరక కట్టిన ఆ చాయ్ తాగేస్తాను.