వంతెన దాకా

లొవీనాకి డెబ్బై దాటాయి. కార్లు వద్దనుకునే ఆమిష్ క్రైస్తవుల పల్లెలు చూడవచ్చిన కుటుంబాలను గుర్రపు బండిలో పాత పిండిమర నుంచి ముత్తాతల నాటి చెక్కకప్పు వంతెన దాకా తిప్పడం ఆమె బతుకుతెరువు. భర్త పోయాక, పరుగుపందేల వాళ్లు వద్దన్న ముసలి గుర్రం డ్యూక్‌ని ఏరికోరి కొనుక్కుంది. అలాంటి బండే తోలే మరిది ఐజాక్‌కి అదంటే మహా లోకువ.

ఆ శనివారం ఒహాయో నుంచి వచ్చిన తల్లీతండ్రీ, ఇద్దరు పిల్లలతో ఆమె మొక్కజొన్న చేల మధ్య తాపీగా పోతోంది. వెనక నుంచి ఐజాక్ తన పడుచు గుర్రాన్ని కొరడాతో అదిలిస్తూ పక్కకొచ్చాడు.

"తప్పుకో వదినా! అదేం నడక, శవాన్ని సాగనంపుతున్నావా?"

పక్కన చక్రాల చప్పుడు వినేసరికి డ్యూక్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. పాత రోజులు గుర్తొచ్చాయేమో, ఒక్క ఉదుటున పరుగు లంకించుకుంది. పిల్లలు కేరింతలు కొట్టారు. లొవీనా నల్లటోపీ వీపు మీదికి జారింది. ఆమె పగ్గం వదల్లేదు. అలాగని లాగనూ లేదు. ఒక్క బండే పట్టే ఆ వంతెనలోకి డ్యూకే ముందు దూరింది.

అవతలి గట్టు మీదికి ఐజాక్ ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"పందేలకు దిగనని బాప్తిస్మం నాడు ఒట్టేశావు కదా వదినా! రేపు బిషప్పు గారికి ఏం చెబుతావు?"

లొవీనా టోపీ సర్దుకుంది.

"కొరడా ఝళిపించింది నువ్వు. నేను ఒట్టేసినట్టే కదలకుండా కూర్చున్నాను. ఇక డ్యూక్ అంటావా, దానికింకా బాప్తిస్మం కాలేదు నాయనా!"