కంబళి మీద నక్షత్రాల ఊళ్లు

నా చిన్నప్పుడు ధర్మవరంలో ఇంటి దూలం మీద నుంచి ఎలుక చచ్చి కింద పడితే, దాన్ని ఊడ్చి పారేసే లోపే ఇంటివాళ్లు మూటలు కట్టుకోవడం మొదలుపెట్టేవాళ్లు. ఎలుకలు రాలితే ప్లేగు వచ్చినట్టే. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి, నాకు తొమ్మిదేళ్లు. రోగం హిందూపురం వైపు నుంచి రైల్లో వచ్చిందని కొందరు, కాదు గుంతకల్లు వైపు నుంచేనని కొందరు వాదించుకుంటూనే తలుపులకు తాళాలు వేశారు. మా వీధి వీధంతా తాడిమర్రి దారిలో కోతలైపోయిన చేలల్లో కొట్టాలు వేసుకుంది. నాలుగు గుంజలు, పైన గడ్డి కప్పు, చుట్టూ జొన్న సొప్ప తడిక. అదే ఇల్లు.

మాది నేత ఇల్లు. నాయన మగ్గం నేలలో గుంట తవ్వి వేసింది, దాన్ని మూట కట్టుకుని పోవడానికి లేదు. సగం నేసిన పెళ్లి చీర దాని మీద అట్లాగే ఉండిపోయింది. కొట్టంలోకి మేము అయిదుగురం చేరాం. నాయన, అమ్మ, పదహారేళ్ల మా అక్క, నేను, ఇంకా నడక రాని తమ్ముడు. తాళం వేసిన ఇళ్లలోకి ఎవరూ పోకూడదని, తెచ్చుకున్న బట్టలన్నీ ఉడకబెట్టాలని టముకు వేశారు. అమ్మ ఒక రోజంతా పెద్ద బానలో బట్టలు ఉడకబెట్టింది. తన పెళ్లి పట్టుచీర, ఇంకో పట్టుచీర మాత్రం మూటలోంచి తీయనేలేదు. పక్క కొట్టం ఆమె అడిగితే, పట్టుకు మైల అంటదు కదా అంది. ఆ మాట మా ఇళ్లలో అందరూ అనేదే. నూలు బట్ట అయితే ఉతికి ఆరేస్తేనే మడికి పనికొస్తుంది, పట్టుకు ఆ బాధ లేదు. మాకు అన్నం పెట్టేది పట్టు, దానికి ఏ పాపమూ అంటదని మేము పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగాం.

నా ఏడుపు వేరే. మగ్గం దగ్గర తెగి పడిన రంగు పట్టు కొసలన్నీ ఏరి ఒక చిన్న సంచిలో దాచుకునేదాన్ని, జడకుచ్చులు చేయించుకోవాలని. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అన్నీ ఉండేవి. నీలం మాత్రం చాలా తక్కువ. ఊరు వదిలే హడావుడిలో ఆ సంచి మగ్గం గుంటలో మరిచిపోయాను. దాని కోసం రెండు రోజులు ఏడ్చాను. ఇప్పుడు మా మనవరాళ్లు అట్లా ఏడిస్తే రెండు తగిలిస్తాను. అప్పుడు నాకు ఎవరూ తగిలించలేదు, అదే పొరపాటయింది.

మూడో రోజు మా అక్క పుల్లలు ఏరుకొస్తానని చెప్పి ఊళ్లోకి పోయింది. వెనక గోడ దూకి, గుంటలో దిగి, సంచి తెచ్చి ఎవరూ చూడకుండా నా ఒళ్లో పడేసింది.

"నీలంవి గూడా ఉండాయి సూడు. కండెకు పట్టు సుట్టేటప్పుడు తెగినవి, గుంటలో పడిండె" అంది.

అమ్మ తిడుతుందేమో అన్నాను. అక్క నవ్వింది. "పట్టుకు మైలే అంటదంట, రోగమంటాదా" అంది. నేను సంచిని కొట్టం మూలలో పైకప్పు గడ్డిలోకి తోసేశాను. ఆ మూలలోనే తమ్ముడి ఉయ్యాల కట్టి ఉండేది.

నాలుగు రోజులకు అక్కకు జ్వరం వచ్చింది. మరునాటికి గజ్జల్లో గడ్డ లేచింది. ఆమెను చేను చివర విడిగా ఒక పందిరి కింద పడుకోబెట్టారు. అమ్మ నీళ్లు తీసుకుపోయి కొంచెం దూరంగా పెట్టి రావలసి వచ్చింది, నాయన ఒకసారి అమ్మ చెయ్యి పట్టి వెనక్కి లాగడం చూశాను. రెండు రోజులకే అయిపోయింది. మోయడానికి మనుషులు రాలేదు. నాయన, ఇంకొకాయన కలిసి చాపలో చుట్టి తీసుకుపోయారు. మా వీధిలో ఎవరు పోయినా వందమంది వచ్చేవాళ్లు. మా అక్క వెంట ఇద్దరు పోయారు.

అక్కకు ఎట్లా అంటిందో ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప. నేను నోరు మూసుకున్నాను. చెబితే అమ్మ నన్ను ఇక దగ్గరికి రానివ్వదని అనుకున్నాను. చాప మీద పడుకుని పైకి చూస్తే గడ్డిలో ఆ సంచి ఉబ్బెత్తుగా కనిపించేది, దాని కింద తమ్ముడి ఉయ్యాల ఊగుతూ ఉండేది. తీసి దూరంగా పారేద్దామంటే చెయ్యి వెళ్లేది కాదు. అన్నం సయించేది కాదు, మాట వచ్చేది కాదు. అమ్మ కూడా మాట్లాడటం మానేసింది కాబట్టి నా సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మా పక్క కొట్టంలో ఒక అయ్యవారు ఉండేవారు. పెనుకొండ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. బడి మూసేస్తే తల్లి దగ్గరికి వచ్చి ఇక్కడ చిక్కుకున్నారు. పిల్లలు ఆటల్లో పడి ఊళ్లోకి పోకుండా ఉండాలని, పొద్దు గూకాక అందరినీ తన కొట్టం ముందర కూర్చోబెట్టుకునేవారు. దేవుళ్ల కథలు ఆయనకు రావు. కాగితం అట్ట వేసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, అందులో ఉన్నదే చెప్పేవారు. అక్క పోయాక ఒక రాత్రి మమ్మల్ని ఉత్తరం దిక్కు చూడమన్నారు. చాలాసేపు చూస్తే చుక్కల మధ్య ఒక చోట పొగ మరకలాంటిది కనిపించింది. అది చుక్క కాదు, నక్షత్రాల ఊరు అన్నారు. ఇప్పుడు గెలాక్సీ అంటున్నారు, ఆయన నోట మాత్రం నేను ఊరు అనే విన్నాను.

తర్వాత నల్ల కంబళి పరిచి, మా అమ్మను అడిగి, మేము మూటలో తెచ్చుకున్న తెల్ల పట్టు పీచు తెప్పించారు. పీచును వేళ్లతో తిప్పి సుడిలా పరిచారు. మనముండే నక్షత్రాల ఊరు ఇట్లాంటిదే, ఆ పొగ మరక కూడా ఇట్లాంటిదే అన్నారు. కొన్ని సుళ్లకు నడుమ కర్ర పెట్టినట్టు అడ్డంగా ఒక పట్టీ ఉంటుందట, అదీ చేసి చూపించారు. ఇంకొంచెం పీచు తీసుకుని పట్టుగూడులా కోలగా ఉండ చేసి సుడి పక్కన పెట్టారు. ఇవి సుడి లేని ఊళ్లు, ముసలి నక్షత్రాలే ఎక్కువ, ఆ పొగ మరక పక్కనే ఇట్లాంటివి రెండు చిన్నవి ఉన్నాయి అన్నారు. మన ఊరు, ఆ పొగ మరక ఊరు ఈ చుట్టుపక్కల పెద్దవనీ, మిగతావి చాలావరకు వాటిని అంటిపెట్టుకున్న పల్లెలనీ చెప్పారు.

చివరికి గుప్పెడు పీచు తీసి కంబళి మీద ఊరికే రాల్చారు. అది ఎట్లా పడితే అట్లా పడింది.

"ఇది నాలుగో రకం. దీనికి సుడీ లేదు, గుండ్రమూ లేదు. మన ఊరి పక్కనే ఇట్లాంటివి రెండుండాయి. దక్షిణాన నేలకు ఆనుకొని ఉంటాయి. పెనుకొండ కొండెక్కి చానాసార్లు ఎతికినా, ఒక్కటి కనిపిచ్చినట్లే అనిపిచ్చె" అన్నారు.

అక్క పోయాక నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. "అదెందుకు అట్ల చెదిరిపాయ?" అని అడిగాను.

"తెలీదు పాపా" అన్నారు ఆయన. "ఈ పుస్తకం రాసినోళ్లకీ తెలీదు. తెలీదనే రాసినారు. అయినా మన సుట్టూ ఊళ్లెన్నని లెక్కపెట్టేటప్పుడు దీన్ని ఇడిసిపెట్టలే."

పెద్దవాళ్లు పిల్లల ముందు తెలియదని ఒప్పుకోవడం నేను అంతవరకు చూడలేదు. ఇంకొక మాట కూడా చెప్పారు. ముసలి నక్షత్రాలు ఎర్రగా, వయసులో ఉన్నవి నీలంగా ఉంటాయట. రంగు పోగులుంటే బాగుండేది అన్నారు. తడిక పక్కన కూర్చున్న అమ్మ, "ఈ పాపకాడ ఒక సంచి ఉండె అయ్యవారూ. ఇంట్లోనే ఉండిపాయ" అంది. నా కళ్లు మా కొట్టం పైకప్పు మీదికి పోయాయి. వెంటనే దించుకున్నాను. అయ్యవారు నన్ను చూసి, కంబళి మడిచి, మిగతాది రేపు అన్నారు.

మరునాడు పొద్దున తమ్ముడి ఒళ్లు కాలింది.

నేను చేను గట్టు మీద పడుతూ లేస్తూ పరుగెత్తాను. అయ్యవారు కాలువ దగ్గర ముఖం కడుక్కుంటున్నారు. "సంచి పైన ఉండాది. అక్క తెచ్చినాది. నేనేడిస్తే తెచ్చినాది" అన్నాను. ఆయన చెంబు అక్కడే వదిలేశారు. బిడ్డను బయటికి తీసుకురమ్మని అమ్మను కేకేసి, పొడుగాటి కట్టెతో సంచిని కిందికి లాగి, అట్లాగే కట్టెతో మోసుకుపోయి చేలో పెట్టారు. వాళ్ల కొట్టంలో ఉన్న కాస్త కిరసనాయిలు దాని మీద పోసి అగ్గిపుల్ల గీశారు. కిరసనాయిలు దొరకని రోజులవి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. అమ్మ బిడ్డను చంకన వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"పట్టు కాలుస్తాండావా అయ్యవారూ? నేతోళ్ల బిడ్డ సంచి అది. ఇంట్లో ఉండిపాయ గదా, ఈడికెట్లొచ్చె?" అంది.

అయ్యవారు నా వైపు చూశారు. ఆయన చెప్పేసి ఉండవచ్చు, నాలుగు మాటల పని. చెప్పలేదు. అది దయో, కఠినమో ఇన్నేళ్ల తర్వాత కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఆయన చెప్పి ఉంటే మాత్రం నేను జీవితమంతా ఆయన వెనక దాక్కుని బతికేదాన్ని.

నేనే చెప్పాను. నేను ఏడ్చిన సంగతి, అక్క గోడ దూకిన సంగతి, అమ్మ తిడుతుందేమో అంటే అక్క నవ్వి అన్న మాట, అన్నీ. అమ్మ నన్ను కొట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. కాలుతున్న సంచి వైపు తిరిగింది.

"ఆ మాట సెప్పింది నేనే కదా. పట్టుకు మైల అంటదని. నా మాట నమ్మి పాయ నా బిడ్డ" అంది.

తప్పు నా మీద పడుతుందని అన్నాళ్లూ భయపడ్డాను. అది అమ్మ మీద పడింది. అట్లా అవుతుందని నాకు తోచనే లేదు. దానికన్నా తిట్లు తిన్నా, దెబ్బలు తిన్నా నయంగా ఉండేది. నేను అయ్యవారి దగ్గరికి పోయి అక్కకు సంచి వల్లే వచ్చిందా అని అడిగాను. కాదు అంటారని ఆశ.

"తెలీదు పాపా. ఎలకల మీది పురుగు కుట్టి వస్తాదంటారు. అది గుంటలో కుట్టిందో, గోడకాడ కుట్టిందో, సంచిలో వచ్చిందో ఎవరికీ తెలీదు" అన్నారు.

ఎండ ఎక్కాక అమ్మ పొయ్యి రాజేసి బాన పెట్టింది. మూట విప్పి తన పెళ్లి పట్టుచీర తీసింది. నాయన ముఖం తిప్పుకున్నాడు. అమ్మ ఆ చీరను ఉడికే నీళ్లలో వేసి కట్టెతో కలుపుతూ ఉంది. నీళ్లు ఎర్రగా అయ్యాయి. దండెం మీద ఆరేసినప్పుడు చూస్తే మెరుపంతా పోయింది. రెండో చీర కూడా అట్లాగే ఉడకబెట్టింది. చుట్టుపక్కల కొట్టాల వాళ్లు వచ్చి నిలబడి చూశారు. సాయంత్రానికి ఇంకో రెండు బానలు పొయ్యి ఎక్కాయి.

తమ్ముడిది పళ్లు వచ్చే జ్వరం, రెండు రోజులకు తగ్గింది. ఆ జ్వరం రాకపోయి ఉంటే నేను ఇంకెన్నాళ్లు ఊరుకునేదాన్నో.

సంచి కాల్చిన రోజు సాయంత్రమే అయ్యవారు మళ్లీ కంబళి పరిచారు. రంగుల ఊసు ఎత్తలేదు. సుళ్లు రెండూ, పట్టుగూడూ తాను పెట్టి, నాలుగోదానికి ఉడకబెట్టి ఆరేసిన పీచు నా చేతికిచ్చారు. నేను రాల్చాను. అమ్మ కొట్టం లోపలి నుంచి వచ్చి పిల్లల వెనక కూర్చుంది. అక్క పోయాక పదిమందిలోకి రావడం అదే మొదలు.

రెండు నెలలకు ఇళ్లకు పోయాం. మగ్గం మీద చీర దుమ్ము కొట్టుకుని అట్లాగే ఉంది. నాయన ఆ గుంటలోకి కాలు పెట్టడానికి వారం పట్టింది. అయ్యవారు పెనుకొండ పోయారు, తర్వాత ఎక్కడికో బదిలీ అయ్యారని విన్నాను. మళ్లీ చూడలేదు. ఆ పొగ మరక ఆయన చెప్పినదానికన్నా చాలా దూరమని తర్వాత తేలిందట. మా మనవడు ఫోన్లో ఫోటోలు చూపిస్తాడు, రంగురంగుల సుళ్లు. బాగున్నాయంటాను. దక్షిణం దిక్కున ఉండే ఆ చెదిరినవి ఉన్నాయేమో చూపించమంటాను. అవేం బాగుంటాయి అంటాడు వాడు, అయినా చూపిస్తాడు. అందులో నీలం చాలా ఉంది.

మా అమ్మ ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది. పట్టుకు మైల అంటదన్న మాట మళ్లీ ఆమె నోట వినలేదు. పిల్లలెంతమంది అని ఎవరు అడిగినా ముగ్గురు అనేది. నాకూ ఆ లెక్కే అలవాటయింది, మేము ముగ్గురం. పెద్దామె ఎట్లా పోయిందని అడిగితే ప్లేగు అని ఊరుకోను. నేను ఏడిస్తే, నా సంచి కోసం తాళం వేసిన ఇంట్లోకి పోయింది, తర్వాత ప్లేగు వచ్చింది అని చెబుతాను. సంచి వల్లేనా అని అడుగుతారు. తెలియదంటాను.