స్పెల్లింగే టిక్కెట్టు

ఆ రోజుల్లో ఉద్యోగం చెయ్యడమంటే ముందు బస్సులో సీటు సంపాదించడం, ఆ తర్వాత బడిలో కుర్చీ నిలబెట్టుకోవడం. రెండిట్లోనూ నా జాతకం అంతంత మాత్రమే. డిగ్రీ అవగానే జగ్గయ్యపేటలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి టీచరుగా చేరాను. ఇల్లు నందిగామలో. పొద్దున బస్సు స్టాండులోకి వచ్చీ రాకముందే జనం కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్ళు, కూరల సంచులు సీట్ల మీద పడేసేవాళ్ళు. నేను మాత్రం పద్ధతిగా తలుపులోంచి ఎక్కేదాన్ని. (పద్ధతిగా ఎక్కినవాళ్ళం జగ్గయ్యపేట దాకా నిలబడే వెళ్ళేవాళ్ళం.)

బడి కరస్పాండెంట్ గారు మొదటి రోజే తేల్చి చెప్పారు. "చూడండమ్మా, క్వార్టర్లీ దాకా చూస్తా. పిల్లలకి స్పెల్లింగులు రావాలి, క్లాసులోంచి చప్పుడు రాకూడదు. లేదంటే ఇంకెవర్నైనా చూసుకుంటాం." ఇంట్లో మా నాన్న ఇంకో మాట తేల్చేశారు. ఉద్యోగం నిలబడితే బీఈడీ, లేదంటే మైలవరంలో మా పిన్నివాళ్ళ బట్టల కొట్లో కూర్చోవడం. చీరలు మడతపెట్టడం నాకు ఈ రోజుకీ రాదు కాబట్టి నా భయం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

మా బడిలో డిక్టేషన్ తప్పినవాళ్ళు గంట కొట్టేదాకా నిలబడాలి. అలా రోజూ నిలబడే ఒకడికి పిల్లలు 'స్టాండింగ్' అని పేరు పెట్టేశారు. వాడూ నవ్వుతూనే పలికేవాడు, పట్టించుకోడనుకున్నాను. ఒకరోజు మెల్లిగా నా దగ్గరికొచ్చి, "టీచర్, డిక్టేషన్ అయిపోయాక బళ్ళోకి రావచ్చా?" అని అడిగాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడు బెంచీలు ఒకదాని వెనక ఒకటి జరిపించి, "ఇది బస్సు. స్పెల్లింగ్ చెప్పినవాళ్ళకి సీటు. తప్పితే ఫర్లేదు, నేర్చుకుని తర్వాతి ట్రిప్పులో ఎక్కండి" అన్నాను. గట్టిగా మాట్లాడే ఒక పిల్లని కండక్టర్ని చేశాను. ఆ పిల్ల "రైట్ రైట్" అంటే గోడ మీద బల్లి కూడా కదిలేది.

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు చూద్దును కదా, పిల్లలు వరండాలో నిలబడి కిటికీల్లోంచి కర్చీఫులు, టిఫిన్ సంచులు బెంచీల మీద పడేస్తున్నారు! (ఎంతైనా మన ఊళ్ళ పిల్లలు, బస్సంటే అదీ భాగమే అనుకున్నారు.) స్పెల్లింగులు బాగా వచ్చినవాళ్ళు రానివాళ్ళకి కూడా సీట్లు ఆపడం మొదలెట్టారు. స్టాండింగ్ వాడి స్నేహితుడైతే ఏకంగా నా కుర్చీలోనే కర్చీఫ్ వేశాడు. "ఏంట్రా ఇది?" అన్నాను. "మనిషొస్తున్నాడండి" అన్నాడు, అచ్చం బస్సులో పెద్దవాళ్ళలాగా.

సరిగ్గా అప్పుడే, గోల విని, కరస్పాండెంట్ గారు వచ్చారు. నా కుర్చీలో కూర్చోబోయారు. కండక్టర్ పిల్ల అడ్డంగా చెయ్యి పెట్టి, "సార్, అక్కడ సీటు ఆపారండి" అంది. నాకు మైలవరం కొట్టు కళ్ళముందు కనబడింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడి, "ఎవరికో? రమ్మనండి చూద్దాం" అన్నారు. గుమ్మంలోకి స్టాండింగ్ వాడు వచ్చాడు. "స్పెల్లింగ్ చెప్తేనే సీటండి" అంది కండక్టర్ పిల్ల. ఆయన 'బ్రిడ్జి' స్పెల్లింగ్ అడిగారు. వాడు కళ్ళు మూసుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ, చివరిదాకా చెప్పేశాడు. బస్సు బస్సంతా చప్పట్లు. "ఎలా నేర్చావురా?" అని నేనడిగితే, "వాడు నాకు సీటాపాడు కదా టీచర్, నేను ఎక్కకపోతే వాడి పరువు పోద్ది" అన్నాడు.

సాయంత్రం కరస్పాండెంట్ గారు ఆఫీసుకి పిలిచారు. "వాడు బాగానే చెప్పాడమ్మా. ఉద్యోగం మీదే. బస్సు మాత్రం ఆపేయండి. పక్క క్లాసులవాళ్ళు మాకూ బస్సు కావాలంటున్నారు." బీఈడీ గుర్తొచ్చి, "సరేనండి" అన్నాను. మర్నాడు బెంచీలు మామూలుగా ఉండటం చూసి, "బస్సు రాదా టీచర్?" అని కండక్టర్ పిల్ల అడిగింది. నిజం చెప్పలేక, "బ్రేక్‌డౌన్ అయిందమ్మా" అన్నాను. వాళ్ళు నమ్మేశారు. యాన్యువల్ పరీక్షల దాకా రిపేరు సంగతి అడుగుతూనే ఉన్నారు. ఆఖరి రోజున స్టాండింగ్ వాడు వచ్చి, "ఇంక బాగవదని నాకు తెల్సు టీచర్. అయినా రోజూ చదువుతున్నా, ఏమో, ఎప్పుడు బాగవుద్దో" అన్నాడు.

బీఈడీ అయింది, గవర్నమెంటు ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు "ఏంటమ్మా ఆ గోల?" అంటూ కుర్చీలోంచి లేచే హెడ్‌మిస్ట్రెస్‌ని నేనే. వరండాలో సగం దూరం నడిచాక, ఎవరి బస్సు ఆపబోతున్నానో అన్న అనుమానం వచ్చి వెనక్కి తిరుగుతాను. ఒక్కోరోజు మాత్రం తిరక్కుండా వెళ్ళి ఆపేస్తాను కూడా. ఆ రోజు ఇంటికెళ్ళాక నన్ను చూసి నాకే నవ్వొస్తుంది, కాకపోతే అంత హాయిగా వచ్చే నవ్వు కాదది.