రాజమల్లు సార్ చెప్పిన బ్యాంకు కథ

తబూక్‌లో మా తోట ప్యాకింగ్ షెడ్డులో ద్రాక్ష పెట్టెలకు టేపు వేస్తుంటారు. చుట్టలోంచి ఆ గోధుమరంగు టేపు లాగినప్పుడల్లా కర్రుమని చప్పుడు, వెంటనే ముక్కుకు తగిలే జిగురు వాసన. ఎన్నేళ్లయినా ఆ వాసనకు నేను హుఫూఫ్ లేబర్ క్యాంపులో, కిటికీ సందులకు అదే టేపు అంటించిన స్టోర్ గదిలోకి వెళ్లిపోతాను. ఎదురుగా బియ్యం బస్తా మీద రాజమల్లు సార్ కూర్చుని ఉంటారు.

ఆయన మా స్టోర్‌కీపర్. జగిత్యాల దగ్గర ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతూ, ఆ జీతంతో ఇల్లు గడవక సౌదీ వచ్చారు. నేను గుంటూరు వైపు వాణ్ణి, ఆయన కింద గుమాస్తాను. ఇరవై నాలుగేళ్ల వయసు, కాస్త ఇంగ్లీషు, బోలెడు పొగరు. కువైట్ కోసం యుద్ధం మొదలయ్యాక, సాయంత్రం సైరన్ మోగితే దగ్గర గదుల వాళ్లమంతా ఆ స్టోర్‌లోకి చేరి, విషవాయువు లోపలికి రాకుండా తలుపు కింద తడి తువ్వాలు కుక్కుకుని కూర్చునేవాళ్లం. భయం మరిపించడానికి సార్ కథ చెప్పేవారు. రాజుల కథ కాదు, అమెరికా పుట్టిన కొత్తలో ఒక బ్యాంకు కోసం జరిగిన కొట్లాట.

"పైన విమానాలు వాళ్లయే, కింద ముచ్చట గూడ వాళ్లదేనా సార్?" అని పోచయ్య మేస్త్రీ అంటే, అంత భయంలోనూ అందరం నవ్వాం.

స్వాతంత్ర్యం కోసం యుద్ధం చేసి అక్కడి రాష్ట్రాలు అప్పులపాలయ్యాయి. ఆ అప్పులన్నీ కేంద్రం నెత్తికెత్తుకోవాలి, దేశమంతటికీ ఒక బ్యాంకు ఉండాలి అన్నాడు ఖజానా మంత్రి. తమ అప్పు చాలావరకు తీర్చేసుకున్న రాష్ట్రాలు భగ్గుమన్నాయి. ఇంకో మంత్రి రాజ్యాంగం తిరగేసి, ఇందులో బ్యాంకు మాటే లేదు, కేంద్రానికి రాసివ్వనిదంతా రాష్ట్రాలదే అన్నాడు. పని అప్పగించినప్పుడు పనిముట్టు కూడా ఇచ్చినట్టే కదా అని ఖజానా మంత్రి జవాబు. సార్ ఈ కథ ఊరికే చెప్పేవారు కాదు. నాకు కేంద్రం పక్షం, పోచయ్యకు రాష్ట్రాల పక్షం ఇచ్చి వాదించమనేవారు. షరతు ఒక్కటే.

"ముందుగాల అవతలోని మాట చెప్పు. వాడు 'గదే' అనాలె. అన్నంక నీ మాట మొదలువెట్టు."

నాకది చిన్నపిల్లల ఆటలా ఉండేది.

ఇంతలో రేషన్ లారీ రావడం మానేసింది. క్యాంపులో పదకొండు గదులు, ఏ గది వంట ఆ గదిదే. కొందరు ముందుచూపుతో బియ్యం, నీళ్ల డబ్బాలు కొని పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన రెండు గదుల వాళ్ల దగ్గర ఏమీ లేదు. అన్నీ ఒకచోట కలిపితే అందరం గట్టెక్కుతామని సార్ ఆలోచన. గది గదికీ వెళ్లి అడుగుదామన్నారు. నేను ఆగితేగా! సాయంత్రంలోగా సరుకంతా స్టోర్‌లో అప్పగించాలని ఆర్డరు రాసి, ముద్ర కొట్టి, ప్రతి తలుపుకూ టేపుతో అంటించాను. ఒక్క గింజ రాలేదు. పోచయ్య ఉండే ఐదో గదికి తాళం పడింది. కొత్తవాళ్లు ఆ పూట గంజినీళ్లతో సరిపెట్టుకున్నారు.

సార్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే ఐదో గది ముందు నన్నూ పోచయ్యనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఆయన మాట చెప్పు" అన్నారు.

"ముందే కొనుక్కున్నది మేము, ఎవరికో ఎందుకివ్వాలి అంటున్నాడు."

పోచయ్య తల అడ్డంగా ఊపాడు. "గది కాదు."

"కొత్తవాళ్లు మీ ఊరివాళ్లు కాదని."

"గదీ కాదు. ఆకలికి నీవోడు నావోడు ఉంటదా?"

సార్ మెల్లగా అడిగారు. "స్టోర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటదని రాసినవ్?"

"నా దగ్గర" అంటూండగానే సంగతి తట్టింది. కంపెనీ కారు యుద్ధానికి దూరంగా ఉన్న జెడ్డాకు వెళ్తోంది. అందులో ఆఫీసు వాళ్లకు సీట్లున్నాయి, ఒకటి నాది. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను.

"నేను కారెక్కి పోతాను. ఇక్కడ ఉండిపోయేది మీరు. మీ బియ్యం తాళం మాత్రం నా చేతిలో" అన్నాను, తల దించుకుని.

"గదే" అన్నాడు పోచయ్య.

సిగ్గుతో చితికిపోయాను. "ఇగ నీ మాట చెప్పు" అన్నారు సార్. నేను చెప్పినదాంట్లో సగం ఆయన కథలోదే. చివరికి ఆ బ్యాంకు పెట్టారు గానీ, ఇరవై ఏళ్లే గడువు ఇచ్చారట. మాదీ అలాగే, సైరన్లు ఆగేదాకానే అన్నాను. తలుపుకు రెండు తాళాలు, ఒక చెవి సార్ దగ్గర, రెండోది గదుల వాళ్లు ఎంచుకున్న మనిషి దగ్గర. చివరికి మిగిలింది ఎవరిది వాళ్లకే.

"మరి కారు?" అన్నాడు పోచయ్య.

"ఎక్కను."

ఎక్కలేదు. అది ధైర్యమని చెప్పుకోను, అందరి ముందూ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు. కాసేపటికే మొదటి బస్తా పోచయ్య భుజం మీద స్టోర్‌లోకి వచ్చింది. యుద్ధం ఆగిన వారం రెండు తాళాలూ తీసి, మిగిలిన బియ్యం గదులకు పంచాం.

"ఆ బ్యాంకు కొట్లాటల గెలిచిందెవరు సార్?" అని ఆ రోజు పోచయ్య అడిగాడు.

"గడువు అయినంక మూసిన్రు. మళ్ల ఇంకోటి పెట్టిన్రు, ఇంకో అధ్యక్షుడొచ్చి దాన్ని గూడ వద్దన్నడు. ఏడ తెగుతదయ్యా అది!" అని నవ్వారు సార్.

కొన్నేళ్లకు ఆయన ఉద్యోగం చాలించి ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోతుంటే విమానాశ్రయానికి వెళ్లాను. "సార్, మీరు నాకు..." అని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ముందుగాల నా మాట చెప్పు."

"సైరన్ మోగినప్పుడు పొద్దుపోక నాలుగు ముచ్చట్లు చెప్పాను, అంతకంటే నేనేం చేశాను అనుకుంటున్నారు మీరు."

"గదే. ఇగ నీ మాట చెప్పు."

నేను వంగి ఆయన సంచీ జిప్పు సరిచేయసాగాను. ఆయన నా భుజం తట్టి, సంచీ తగిలించుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడీ షెడ్డులో ఆర్డర్లు రాసేది నేనే. కాగితం అంటించే ముందు తాళంచెవి ఎవరి దగ్గర ఉందని ఒకసారి చూసుకుంటాను. డ్రైవర్లకూ ప్యాకింగ్ వాళ్లకూ తగువొస్తే, ఒకరి మాట ఇంకొకరి చేత చెప్పిస్తాను. అందరూ నన్ను ఓర్పుగలవాడంటారు. ఆ ఓర్పు నాది కాదు, మీది సార్. ఆ రోజు నోరు పెగల్లేదు గానీ నా మాట ఇదీ. ఆ పొద్దున మీరు నన్ను తిట్టి ఉంటే, కోపంతో నేను కారెక్కి వెళ్లిపోయేవాణ్ణి.