తప్పు స్వరానికి లేచిన వేలు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. ఆ కథలు చెప్పేవాళ్లంటే ఒళ్లు మంట. ఇది కూడా ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు, కోపం చల్లారక రాస్తున్నాను.

నాందేడ్‌లో పిల్లలకు సంగీతం చెబుతాను. నాకు నేర్పింది మా నాన్న, మేం బాపు అనేవాళ్లం. మా ఊరు కర్ఖేలిలోని భజన మండలిలో నలభై ఏళ్లు హార్మోనియం వాయించాడు. నా గాంధారం కాస్త కిందికి జారితే నోటితో ఏమీ అనేవాడు కాదు, చూపుడు వేలు పైకి లేపేవాడు.

కిందటి ఎండాకాలం బాపుకు మెదడులో రక్తనాళం చిట్లింది. ఆరు రోజులు కళ్లు తెరవలేదు. ఏడో రోజు ఐసీయూలో పక్కన కూర్చుని సన్నగా భజన పాడుతుంటే నా స్వరం జారింది. బాపు వేలు లేచింది.

పరుగెత్తి డాక్టర్‌ను పిలిచాను. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల మెదడు శబ్దాన్ని వేరుగా వింటుందట, ధ్యాస లేకపోయినా అపస్వరాన్ని పట్టేస్తుందట. అంతా చెప్పి, అయినా ఈయనకు ఏమీ తెలియదు, కండరం అదిరి ఉంటుంది అన్నాడు. మనిషి ఎదురుగా ఉండగానే, లేనట్టు మాట్లాడాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా అన్నకు ఆ మాట చాలు. వైద్యం ఆపి ఇంటికి తీసుకుపోదామన్నాడు. నేను ఒప్పుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం లోపల ఒక్కరే ఉండాలని నర్సు మరాఠీలో విసుక్కుని, అన్నను ఉంచి నన్ను బయటికి పంపేసింది. మూడో అంతస్తు నుంచి దిగి, వెనక స్కూటర్లు పెట్టేచోట మెట్టు మీద కూర్చున్నాను. ఏడుపు ఆపుకోవడానికి అదే భజన అందుకున్నాను. పాడేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోవడం నా అలవాటు.

అదే సమయంలో పైన అన్న బాపు చేతిని వీడియో తీస్తున్నాడట. పాట లేకపోయినా వేలు కదులుతుందని చూపించి నా నోరు మూయించాలని.

"సూడు, నువ్వు లేకున్నా మూడుసార్లు లేచింది. ఉత్తగనే లేస్తది చెల్లె," అన్నాడు.

సమయం సరిచూసి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఒకేసారి నడిపాను. మూడుసార్లు నా గాంధారం జారింది. సరిగ్గా ఆ మూడుసార్లే బాపు వేలు లేచింది. మధ్యలో అన్ని అంతస్తులు, మూసిన అద్దాల తలుపులు, ఏసీ మోత.

అన్న వీడియో ఆపేశాడు. "ఇగ దీన్ని పెద్దగ చెయ్యకు," అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఇంట్లోవాళ్లంతా నా మీద పడ్డారు. వైద్యం ఆపి ఇంటికి తీసుకుపోతామని సంతకాలు పెట్టాల్సిన కాగితం వచ్చింది. బాపు ఇంటికొచ్చిన రెండో రోజే పోయాడు.

నెల తర్వాత అన్న దగ్గర ఆ వీడియో తీసుకుని, ధైర్యం చేసి రెండూ మళ్లీ కలిపి చూశాను. వేలు లేచిన ప్రతిసారీ, ఆ మరుక్షణమే నా గొంతు పైకెక్కి స్వరంలో నిలిచింది. జారుతున్నానని ఆ రోజు నాకు తెలియనే తెలియదు. సరిదిద్దుకున్న గుర్తు కూడా లేదు. ఆయన తప్పు పట్టడం సాధన చేసిన మెదడు పని అనుకుందాం. మరి కింద ఉన్న నన్ను దిద్దింది ఏమిటి?  

ఆ మధ్యాహ్నం కూడా మా బాపు నాకు పాఠం చెబుతూనే ఉన్నాడు. ఆయనకు ఏమీ తెలియదని రాసిన కాగితం మీద మొదటి సంతకం మా అన్నది. రెండోది నాది.