మంగళగిరి దారిలో అడుగున దొరికిన ఛార్జరు

ఏడో తరగతిలో నేనూ బడీ విడిపోయాం; ఇద్దరమూ సుఖపడ్డాం. మిరపకాయలు కొని అమ్ముకునే నాబోటివాడు లాప్‌టాప్‌కు ఛార్జరు ఎంచడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

మా అమ్మాయి రేష్మాకు మధ్యాహ్నం రెండింటికి మంగళగిరిలో ఇంటర్వ్యూ. తను తయారుచేసిన యాప్ తన లాప్‌టాప్‌లోనే చూపించాలి. ముందురోజు రాత్రి ఎలుక ఛార్జరు తీగ కొరికేసింది. గుంటూరులో కొత్తది కొందామని దర్శిలో ఆరింటి బస్సెక్కాం. అద్దంకి దాటాక రెండువైపులా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. పక్కసీటు పెద్దావిడ రేష్మా ఒళ్లోని సంచి చూసి, "ఏంటమ్మా, చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావ్?" అంది.

"పావు ప్రాణంతో ఉందండి. ఇది కళ్లుమూస్తే నా ఉద్యోగం పోద్ది," అంది మా పిల్ల.

పదింటికి గుంటూరు. బస్టాండు ఎదుటి కొట్లో ఛార్జర్లు కుప్పగా పోశారు. మిరప బస్తాలో పైన మంచికాయ పెడతారు, అసలు సరుకు అడుగునుంటుంది. అందుకే రేష్మా మంచినీళ్లు తెచ్చేలోపు మోచేతి దాకా చెయ్యి దూర్చి అట్టడుగుది లాగి కొనేశాను. పిన్ను సరిపోయింది. ఇంకేం కావాలి!

పక్క హోటల్లో ఇడ్లీలు చెప్పి ఛార్జరు పెట్టాం. రెండో ఇడ్లీకల్లా అది దోసెల పెనంలా కాలింది.

"వేడెక్కిందంటే గట్టిగా పనిచేస్తోందన్నమాట," అన్నాను.

ప్లాస్టిక్ మాడిన కంపు కొట్టింది. రేష్మా గబుక్కున స్విచ్ ఆపి తీగ పీకేసింది. బ్యాటరీ పెరగకపోగా తగ్గింది.

"నాన్నా, వెనక అంకెలు చూశావా?"

"చూశా. బాగానే ఉన్నాయి."

"వోల్టులు లాప్‌టాప్‌వాటితో సమానంగా ఉండాలి, ఆంపులు తక్కువ కాకూడదు. ఇందులో ఆంపులు సగమే! పత్తి బండికి మేకని కట్టావు."

వెనక్కి తీసుకెళ్లి ఇస్తే కొట్టతను పగలబడి నవ్వాడు. "బాబాయ్, లాప్‌టాప్‌లవన్నీ పైనే ఉన్నాయి. అడుగునున్నవి చిన్న చిన్న మిషన్లవి. తవ్వి తీసినోడివి నువ్వొక్కడివే!"

ఈసారి రేష్మాయే ఎంచింది. లాప్‌టాప్ కంపెనీది కాదు గానీ అంకెలు కలిశాయి, భద్రతా ముద్ర, గ్యారంటీ ఉన్నాయి. కొట్లోనే గంటసేపు పెట్టి తాకి చూశాం, గోరువెచ్చన, అంతే.

ఒంటిగంటన్నరకు మంగళగిరి చేరాం. నేను ఆఫీసు బయట మూడు టీలు తాగాను. నాలుగింటికి రేష్మా మెట్లు దిగుతూనే అరిచింది, "వచ్చేసింది నాన్నా!"

తిరుగు బస్సులో మిరపచేల మీద సాయంత్రపు ఎండ పడుతుంటే, ఇంత హాయైన ప్రయాణం నేనెరగననిపించింది. చిలకలూరిపేట వచ్చేలోపు బస్సంతా చాటాను, ఈ ఉద్యోగంలో సగం సాయం నాదేనని.

"అవునండీ," అంది రేష్మా అందరికీ వినపడేలా. "మా నాన్న ఇంకొంచెం సాయం చేసుంటే నా లాప్‌టాప్‌తోపాటు ఆ ఆఫీసు కూడా చీకట్లో ఉండేది!"